కంకర పడకముందే చెప్పండి

పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో ఏఈగా చేరి, డిప్యూటీ ఈఈగా రిటైరయ్యాను. రోడ్డుకు అడ్డంగా కూర్చుని ధర్నా చేసినవాళ్లను ఉద్యోగంలో ఎందరినో చూశాను. అంచనాలు వేసే రోజుల్లోనే వచ్చి, ‘ఇక్కడ తూములు చాలవు సార్, కల్వర్టు కట్టండి’ అని అర్జీ చేతిలో పెట్టినవాళ్లు మాత్రం చాలా తక్కువ. టెండరు పూర్తయ్యాక డిజైన్ మార్చాలంటే అంచనా మళ్లీ వేయాలి, మంజూరు మళ్లీ తెచ్చుకోవాలి. అప్పుడు ఏఈ మీద ఎంత అరిచినా అతని చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. అదే మాట ఆర్నెల్లు ముందు చెప్పి ఉంటే పెన్సిల్ గీతతో పోయేది.

పల్లె రోడ్ల విషయమే తీసుకోండి. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో భూసేకరణకు డబ్బివ్వరు. జాగా ఊరివాళ్లే సర్దుకోవాలి. అందుకే సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) ఖరారు కాకముందు ఏఈ, సర్పంచి, రెవెన్యూ సిబ్బంది, ఊరి జనం కలిసి రోడ్డు పోయే దారంతా నడవాలని నిబంధన ఉంది. ట్రాన్సెక్ట్ వాక్ అంటారు. ఎవరి చేను గట్టు తగులుతుంది, ఏ బావి అడ్డొస్తుంది, మలుపు ఎక్కడ తిప్పాలి అన్నవి ఆ నడకలోనే తేలాలి. చివర్లో చర్చల సారాంశం రాసి, అందరికీ చదివి వినిపించి, ఫొటోలతో సహా ప్రతిపాదనకు జతచేయాలి. చాలా ఊళ్లలో ఆ రోజు పదిమంది కూడా రారు. వచ్చినవాళ్లు కూడా చదివేదాకా ఆగరు. ఆగండి. మీరన్న మాట కాగితం మీదికి ఎక్కిందో లేదో అక్కడే తెలుస్తుంది.

వంతెనల దగ్గర ఊరి మాటకు ఇంకా విలువ. మేం వంకను కొలిచేది ఎండాకాలంలో. అప్పుడందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. డిజైన్‌కు కావాల్సిందేమో గరిష్ఠ వరద మట్టం. చిన్న వంకలకు ఏ రికార్డులూ ఉండవు కాబట్టి ఊళ్లో వాళ్లనే అడిగి రాసుకుంటాం. అనంతపురం వైపు ఒక వంక దగ్గర పెద్దమనుషులంతా మోకాలి లోతుకు మించి రాదన్నారు. పక్కనే మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ మాత్రం చౌడమ్మ గుడి దగ్గరికి పిలుచుకుపోయి మూడో మెట్టు చూపించింది. ‘ఈడిదాకా వొచ్చినాయి నాయినా నీళ్లు. ఆ యేడే మా ఎనుము కొట్టుకపాయ’ అంది. ఆ మెట్టు మీద కొలత కర్ర నిలబెట్టి లెవెల్ తీస్తే, మేం అనుకున్న కాజ్‌వే మీదుగా మనిషి మునిగేంత నీరు పారుతుందని తేలింది. అంచనా తిరగరాశాం. కాజ్‌వే స్థానంలో చిన్న వంతెన వచ్చింది. ఎనుము పోయిన ఏడు ఆమెకు గుర్తుంది కాబట్టి అది ఏ వానకాలమో కూడా నమోదు చేయగలిగాం.

జాతీయ రహదారి అయితే పద్ధతి వేరు, గడువు గట్టిది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం 3ఏ సెక్షన్ కింద భూమి తీసుకుంటామని గెజిట్ ప్రకటన ఇస్తారు. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో రావాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ప్రకటన వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోగా ఆ భూమిలో హక్కున్న ఎవరైనా కారణాలు చూపి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. అధికారి స్వయంగా మీ వాదన వినాలి. వకీలును కూడా పంపుకోవచ్చు. చాలామంది ఇక్కడే పరిహారం చాలదని రాస్తారు. దాని వంతు తర్వాత వస్తుంది. ఇప్పుడు రాయాల్సింది ఆ భూమి ఎందుకు తీసుకోకూడదో, అలైన్‌మెంట్ ఎటు జరపొచ్చో. 3డీ సెక్షన్ కింద ప్రకటన కూడా వచ్చేస్తే భూమి కేంద్రం పరమైపోతుంది. మిగిలేది పరిహారం వ్యవహారమే. 2013 భూసేకరణ చట్టం కింద సేకరిస్తే మాత్రం ప్రాథమిక ప్రకటన తర్వాత 60 రోజుల గడువుంటుంది. అసలు ఆ పని ప్రజావసరమేనా అని కూడా అక్కడ అడగొచ్చు.

సెంటు భూమి పోకపోయినా, బైపాస్ ఊరిని రెండుగా చీలుస్తుందన్న బాధ ఉండొచ్చు. పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద రహదారులకు కాలుష్య నియంత్రణ మండలి జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో మీరూ మాట్లాడొచ్చు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటిస్తారు. కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, అంతా వీడియో తీస్తారు. ముసాయిదా పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ముందే కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో దొరకాలి. అది చదవకుండా మైకు పట్టుకోకండి. కొత్తగా భూమి తీసుకోని విస్తరణ పనులకు ఈ విచారణ ఉండదు. వాటికి గ్రామసభ తీర్మానం చేసి ప్రాజెక్టు డైరెక్టరుకు పంపడం మేలు.

ఎవరికి రాసినా ఇంజనీరుకు పనికొచ్చేలా రాయండి. ‘మా ఊరికి అన్యాయం జరిగింది’ అంటే ఫైలులో పడుంటుంది. ‘కిలోమీటరు 14/200 దగ్గర, ఫలానా సర్వే నంబరు పక్కన బండిదారి తెగుతోంది. వరికోత మిషను, గడ్డి ఎత్తిన ట్రాక్టరు పట్టేంత ఎత్తు అండర్‌పాస్ కావాలి’ అంటే దానికి ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. వాన రోజు తీసిన ఫొటో జతచేయండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. రశీదు లేకుండా బయటికి రాకండి.

పని మొదలయ్యాక కూడా దారి మూసుకుపోదు. సమాచార హక్కు చట్టంలో కాగితాల నకళ్లే కాదు, పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. సడక్ యోజన రోడ్లకు అయిదేళ్లదాకా నిర్వహణ కాంట్రాక్టరుదే. గుంత పడితే మేరీ సడక్ యాప్‌లో ఫొటో పెట్టొచ్చు.

ఈ వారమే మీ మండల ఇంజనీరింగ్ ఆఫీసుకు వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: మా వైపు ఏ పనులు టెండరు దాటాయి, ఏవి ఇంకా అంచనా దగ్గరే ఉన్నాయి? రెండో జాబితాలో ఉన్నవాటికి అర్జీ ఇప్పుడే రాయండి.