అక్షరం కంటే ముందు నిమ్మళం



కిందటేడు సర్వసభ్య సమావేశంలో మన దాతల్లో ఒక పెద్దాయన సూటిగా అడిగారు. "కుట్టుమిషను ఇస్తే కంటికి కనబడుతుంది. రేషన్ కిట్ ఇస్తే ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మీరేమో నెలనెలా ఇద్దరు ఆపాలకు జీతాలిస్తున్నారు. నేను వచ్చి చూసిన రోజు ఒక ఆపా నాలుగేళ్ళ పిల్లవాడి పక్కన చాప మీద కూర్చుని స్టీలు గిన్నెలు పేరుస్తోంది. ఇది చదువా?" ఆ రోజు టైము లేక, నిజం చెప్పాలంటే మాటలు దొరకక, మేము సరిగ్గా జవాబు చెప్పలేదు. అడగవలసిన ప్రశ్నే అది. మీరిచ్చిన సొమ్ము మా దగ్గర అమానత్ కనుక జవాబు బాకీ మాదే.

ముందు ఆ పిల్లలెవరో చెప్పాలి. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా అనే మాటలు ఇప్పుడు తలాబ్‌కట్టలోనూ, చాంద్రాయణగుట్టలోనూ వినబడుతున్నాయి. వీటన్నిటినీ కలిపి న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. మెదడు పనిచేసే తీరు ఎక్కువమందిలా కాక వేరుగా ఉన్నవారు అని దాని అర్థం. ఇది పిచ్చి కాదు. మందబుద్ధి అన్నా తప్పే. కొందరికి బుద్ధి వికాసం కూడా నెమ్మదిగా ఉండవచ్చు, కొందరు లెక్కల్లో ఇంటిల్లిపాదినీ మించిపోతారు. ఏడీహెచ్‌డీ ఉన్న కొందరికి కాస్త పెద్దయ్యాక డాక్టరు రాసే మందులు పనికొస్తాయి. ఆటిజాన్ని పోగొట్టే మందు మాత్రం లేదు.

మన సెంటరున్న గల్లీలో బారాత్ వెళ్ళిందంటే మర్ఫా మోత తప్పదు. మనకది సంబరం. కొందరు పిల్లలకు అదే మోత చెవిలో మేకు దిగినట్లు ఉంటుంది. మన మెదడు అక్కర్లేని శబ్దాన్ని, వాసనను, వెలుగును పక్కకు నెట్టేస్తుంది. వాళ్ళ మెదడు నెట్టలేదు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. పిల్లవాడు చెవులు మూసుకుని నేల మీద పడి తల బాదుకుంటాడు. చూసేవాళ్ళు "జిద్దీ పిల్లాడు, రెండు తగిలించు" అంటారు. తల్లి సిగ్గుతో బురఖా చాటున ఏడుస్తుంది.

జిద్దుకూ దీనికీ తేడా ఉంది, మీరే గమనించవచ్చు. జిద్దు చేసే పిల్లవాడు మధ్యమధ్య మనం చూస్తున్నామా లేదా అని ఓరగా చూస్తాడు, అడిగింది ఇస్తే ఆగిపోతాడు. భరించలేక కూలిన పిల్లవాడు ఎవరినీ చూడడు, ఏమిచ్చినా ఆగడు. ఆ సమయంలో మాట అతని లోపలికి వెళ్ళదు. దెబ్బ వెళుతుంది, కానీ భయంగా మారి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు చేయగలిగింది చాలా చిన్న పని. లైటు తీసేయాలి, జనాన్ని పంపేయాలి, మాటలు తగ్గించాలి, పక్కన కూర్చోవాలి. కొందరికి దుపట్టా గట్టిగా చుట్టి పట్టుకుంటే హాయిగా ఉంటుంది, కొందరికి తాకితేనే మంట. ఎవరికి ఏది పడుతుందో రోజూ చూసే మనిషికే తెలుస్తుంది. పెద్దమనిషి నిమ్మళంగా ఉంటే ఆ నిమ్మళం మెల్లగా పిల్లవాడికి అంటుకుంటుంది. తనంతట తాను నిమ్మళించడం అతను నేర్చుకునేది ఇలాంటి వందల సార్ల తర్వాతే.

అందుకే ఆపా మారకూడదు. రెండేళ్ళ క్రితం మేము మూడు నెలలు జీతం ఆలస్యం చేస్తే ఒక ఆపా వేరే చోటికి వెళ్ళిపోయింది. ఆమె దగ్గర అప్పుడప్పుడే "పానీ" అనడం మొదలుపెట్టిన పిల్ల మళ్ళీ వేలితో కూడా అడగడం మానేసింది. తప్పు మాది, ఆపాది కాదు.

ఇక ఆ గిన్నెల సంగతి. ఆపా ఒక గిన్నె పెట్టి ఆగుతుంది. పిల్లవాడు ఒకటి పెడతాడు. తర్వాతి గిన్నెను ఆమె తన కళ్ళ దగ్గర పట్టుకుంటుంది. గిన్నె కోసం చూసిన చూపు ఒక్క క్షణం ఆమె ముఖం మీద ఆగుతుంది. ఆ క్షణం కోసమే ఆ పని. చూపు కలవాలని బలవంతం లేదు, గడ్డం పట్టి తిప్పడం లేదు. గోపురం కూలుతుంది, ఇద్దరూ నవ్వుతారు, "ఔర్?" అంటుంది ఆపా. వాడు చేయి చాస్తాడు. వంతు కోసం ఆగడం, ఒకరిని అడగడం, కూలినదాన్ని ఓర్చుకుని మళ్ళీ మొదలుపెట్టడం, ఇవన్నీ వచ్చాకే అలిఫ్ అయినా అ అయినా నిలబడుతుంది. ఇవి రాకముందే పలక చేతికిస్తే పలక గోడకు తగులుతుంది.

గోడ మీద బొమ్మల పట్టీ కూడా మీరు చూసి ఉంటారు. ముందు గిన్నెలు, తర్వాత ఊయల, తర్వాత ఇల్లు. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడం ఈ పిల్లలకు పెద్ద భయం. రంజాన్ వస్తే ఇంట్లో నిద్ర, తిండి, వెలుగు అన్నీ తారుమారవుతాయి కదా. అందుకే షాబాన్‌లోనే సహ్రీ, ఇఫ్తార్ బొమ్మలు వేసి ఇళ్ళకు పంపుతాం. ఈద్ బట్టలు ముందే రెండుసార్లు ఉతకండి, మెడ దగ్గరి లేబులు కత్తిరించండి అని తల్లులకు చెబుతాం. వినడానికి ఇదేం సలహా అనిపిస్తుంది. కానీ పండుగ పూట ఏడవకుండా ఉన్న ఇల్లు దాని విలువ చెబుతుంది.

పాతబస్తీ పిల్లలకు ఇంకో బరువు ఉంది, దీన్ని బయటి నిపుణులు కూడా తరచు పట్టించుకోరు. ఇంట్లో దక్కనీ, మక్తబ్‌లో అరబీ, స్కూల్లో ఇంగ్లీషు, 2018 చట్టం వచ్చాక తెలుగు కూడా తప్పనిసరి. రెండు లిపులు కుడి నుంచి ఎడమకు, రెండు ఎడమ నుంచి కుడికి. బే, పే, తే, సే అక్షరాలకు ఒంటి రూపు ఒకటే, తేడా చుక్కల్లో. తెలుగులో ప, వ దగ్గరదగ్గర. ఇంగ్లీషులో బీ, డీ ఒకదానికొకటి అద్దం. డిస్లెక్సియా ఉన్న పిల్లకు ఇవన్నీ ఒకే ఏడాది మీద పడితే "బుర్ర లేదు" అనిపించుకోవడం ఎంతసేపు? మేము ఒక లిపి కుదిరాకే రెండోది ఎత్తుకుంటాం. ఇసుకలో వేలితో రాయిస్తాం, చుక్కలకు శనగలు పెట్టిస్తాం. డిస్లెక్సియాను సాధారణంగా ఎనిమిదేళ్ళ వయసు దాకా ఖరారు చేయరు. అప్పటిదాకా పిల్లను అవమానం నుంచి కాపాడటమే మన పని.

"మాట రావాలంటే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని కొందరు తల్లులకు ఎవరో చెప్పి పంపుతున్నారు. ఇంగ్లీషు రాని అమ్మీ దాంతో పిల్లవాడితో మాట్లాడటమే తగ్గించేసింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకు నష్టం జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. లాలన ఏ భాషలో వస్తే ఆ భాషే మాట్లాడాలి.

తల్లుల మీద నింద కొత్తది కాదు. తల్లి మనసు చల్లబడితే బిడ్డకు ఆటిజం వస్తుందని 1950లలో అమెరికా వైద్యులే నమ్మారు. దాన్ని 1964లో తన పుస్తకంతో తిప్పికొట్టిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ స్వయంగా ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి. మన దగ్గర నింద రూపు వేరు: ఫోను ఇచ్చింది, నజర్ తగిలింది, కడుపుతో ఉన్నప్పుడు జాగ్రత్తపడలేదు. దాదీలు "వాళ్ళ అబ్బా కూడా మూడేళ్ళకే మాట్లాడాడు" అని ధైర్యం చెబుతారు. దువా చేయించుకోవద్దని మేము ఎన్నడూ అనం. దువాతో పాటు పరీక్ష కూడా అంటాం. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాది దాటినా వేలు చూపి అడగకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వీటిలో ఏది కనబడినా ఆగకూడదు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి.

పరీక్ష ఎక్కడ? మన నగరం ఈ విషయంలో అదృష్టవంతురాలే. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ. ఆటిజాన్ని కొలవడానికి దేశమంతా వాడే 40 అంశాల భారతీయ కొలమానం తయారైంది అక్కడే. 2021 జూన్‌లో ఆరేళ్ళలోపు పిల్లల కోసం ప్రత్యేక కేంద్రం కూడా మొదలైంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు రావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం, డిస్లెక్సియా వాటిలో ఉన్నాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏటా లక్ష రూపాయల వరకు, థెరపీతో సహా ఇస్తుంది. అది ఆటిజానికి వర్తిస్తుంది, ఏడీహెచ్‌డీకి వర్తించదు.

కానీ చూడండి, 40 శాతం వైకల్యం ఉన్నవారికి ఆ చట్టం ఇచ్చిన ఉచిత విద్య హక్కు ఆరేళ్ళ వయసు నుంచి. మెదడు మెత్తగా ఉండే కాలం అంతకు ముందే. చాంద్రాయణగుట్ట నుంచి బోయిన్‌పల్లికి బస్సులు మారి వెళ్ళాలి. మహాలక్ష్మి వచ్చాక తల్లికి టిక్కెట్టు లేదు, నిజమే, కానీ జర్దోజీ పని చేసే తల్లికి ఆ రోజు కూలీ లేదు. వారానికి మూడు రోజులు ఆమె వెళ్ళలేదు. పరీక్ష అక్కడ, రోజువారీ అభ్యాసం ఇక్కడ, ఇంటికి నడిచే దూరంలో: మా సెంటరు ఉన్నది ఇందుకే.

ఇంకో మాట చెప్పి తీరాలి. మూలకణాలతో ఆటిజం నయం చేస్తామనే వాళ్ళున్నారు. నగలు అమ్మి లక్షలు కట్టిన కుటుంబాలను మేము చూశాం. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. దాని కోసం సాయం కోరుతూ అర్జీలు వచ్చాయి. కన్నీళ్ళతో వచ్చిన తండ్రికి కాదనడం కష్టం. కాదన్నాం.

ఇక లెక్క. జకాత్ ఎనిమిది వర్గాలకే చెందుతుంది, హక్కుదారు చేతికే చేరాలని మేము సంప్రదించే ఉలమా చెప్పారు. కనుక పేద కుటుంబాల ఆటో ఖర్చు, పరీక్షల ఖర్చు జకాత్ నుంచి నేరుగా వారికే ఇస్తున్నాం. ఆపాల జీతాలు, అద్దె సదఖా, లిల్లా ఖాతా నుంచే. మీలో ఎక్కువమంది రంజాన్‌లో జకాత్ ఇస్తారు. లిల్లా ఖాతా మొహర్రం నాటికే అడుగంటుతుంది. ఆపా జీతం ఆలస్యమైంది ఆ నెలల్లోనే. ఒక ఊయల, ఒక రంగుల గది, గోడ మీద మీ పేరు ఇస్తామంటే ముందుకొచ్చేవారున్నారు. ఊయల ఉంది, చాలు. ఏడాది పొడుగునా నెలకింత అని రాసిచ్చేవారు కావాలి, అది చిన్న మొత్తమైనా సరే.

ఈ ఏడాది నుంచి జుమా తర్వాత తండ్రుల కోసం ఒక గంట పెట్టాం. పోయిన నెల నలుగురే వచ్చారు. ఒకాయన కొడుకు పక్కన కూర్చుని పది నిమిషాలకే ఫోను తీశాడు. పిల్లవాడు ఆ ఫోను లాక్కుని పక్కన పెట్టి, అబ్బా చేతిలో గిన్నె పెట్టాడు.