ఎడారి వాహనానికి ఏ అద్దం యుక్తం?

మనామాలోని నయీమ్ నుండి సెలవునాడు సఖీర్ ఎడారికి జీపులో వెళ్ళేవారు టైర్లను, ఇంజనును శ్రద్ధగా పరీక్షిస్తారు. కిటికీ అద్దాలపై మాత్రం అంత శ్రద్ధ ఉండదు. పగిలిన గాజుకు బదులు పాలీకార్బొనేట్ పలక బిగించుట మేలా?

ఆ ప్లాస్టిక్ బరువు గాజులో సగమే. రాతిదెబ్బకు సులభంగా పగలదు. కాని మెత్తనిది. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువుల కాఠిన్యం మోస్ మానంపై 7. గాజుది సుమారు 5.5. గాజునే గీయగల ఇసుకకు ప్లాస్టిక్ ఒక లెక్కా? గీతలపై సూర్యకాంతి చెదరి దారి మసకబారుతుంది. రక్షణపూత లేనిచో అతినీలలోహిత కిరణాలకు పలక పసుపెక్కుతుంది. వేడికి గాజుకంటె సుమారు ఏడు రెట్లు వ్యాకోచిస్తుంది గనుక చట్రంలో చోటు విడవాలి.

గాజులోనూ భేదాలున్నాయి. రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర గల లామినేటెడ్ గాజును ఫ్రాన్సులో ఎడ్వార్ బెనెడిక్టస్ 1909లో పేటెంటు చేశాడు. అది పగిలినా ముక్కలు రాలవు; కనుక ముందు అద్దానికి అదే తగినది. టెంపర్డ్ గాజు మొద్దు పలుకులుగా విడిపోతుంది. వాహనం బోల్తాపడినప్పుడు పక్క కిటికీ పగులగొట్టి పిల్లలను వెలుపలికి తీయవచ్చు. అట్టి వేళ పగలని ప్లాస్టిక్ గోడవలె అడ్డు నిలుస్తుంది!

కావున ముందు లామినేటెడ్, పక్కల టెంపర్డ్ గాజు శ్రేయస్కరం. పాలీకార్బొనేటే కావాలన్నవారు గట్టిపూత గల పలకనే ఎన్నుకొని, బయటపడుటకు వేరొక దారి ఉంచుకోవాలి. ఏ అద్దమైనా ఇసుకను నీటితో కడిగిన పిమ్మటనే తుడవాలి.