చేదు నిజం చెప్పే ఉద్యోగం

నల్లకోటు, కోర్టు మెట్లు, వాయిదాలు. లాయరంటే మన కళ్ల ముందు కదిలే బొమ్మ ఇదే. అయితే కోర్టు గుమ్మం తొక్కకుండానే న్యాయశాస్త్రాన్ని నమ్ముకుని బతికేవారు హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఎందరో ఉన్నారు. వారికి కక్షిదారు ఒక్కరే, జీతమిచ్చే సంస్థ. పూర్తికాలపు జీతానికి చేరినవారు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన 49 చెబుతోంది. వీరిలో కొందరి పని ప్రజల వ్యక్తిగత సమాచారానికి కాపలా కాయడం. లా చదివే మన పిల్లల ముందున్న దారుల్లో ఇదీ ఒకటి గనుక, అందులో ఏముందో తెలుసుకుందాం.

ఈ పని తగాదా వచ్చాక కాదు, రాకముందే మొదలవుతుంది. కంపెనీ ఒక కొత్త యాప్ తయారుచేస్తోందనుకోండి. ఇంజినీర్ల పక్కన కూర్చుని వీరు అడిగే ప్రశ్నలు చిన్నవే. ఫోన్ నంబరు సరే, పుట్టిన తేదీ ఎందుకు? ఈ వివరాలు ఎన్నాళ్లు దాచుతారు? ఇంకెవరి చేతికి వెళ్తాయి? వారితో ఒప్పందంలో భద్రత గురించి ఏం రాసుకున్నాం? అక్కర్లేని వివరం అడగవద్దని ఒప్పించగలిగితే సగం పని అయినట్టే. మన దగ్గర లేని సమాచారాన్ని ఎవరూ దొంగిలించలేరు కదా!

మన దేశంలో ఈ పనికి గట్టి పునాది 2017 ఆగస్టు 24న పడింది. గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఇవి దశలవారీగా అమల్లోకి వస్తాయి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోనే కాదు, తెలుగులోనూ చదువుకునే వీలు కల్పించాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. సభ్యుల వివరాలు కంప్యూటర్లో దాచే బడులు, ఆసుపత్రులు, సంఘాలు కూడా ఈ చట్టం సంగతి తెలుసుకోవడం మంచిది.

అసలు పరీక్ష సమాచారం దొంగల పాలైన రోజున వస్తుంది. సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. ఐరోపా వారి వివరాలు పోతే అక్కడి అధికారులకు సాధారణంగా 72 గంటల్లో తెలపాలి. ఏం పోయిందో ఇంజినీర్లకే ఇంకా పూర్తిగా తెలియదు. పై అధికారులేమో పరువు గురించి ఆలోచిస్తుంటారు. "కాస్త ఆగుదాం" అనే మాట అప్పుడే వినిపిస్తుంది.

ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో ఉబర్ కథ చెబుతుంది. 2016లో 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు దొంగల చేతికి చిక్కాయి. అంతకుముందు జరిగిన మరో లీకుపై అమెరికా ప్రభుత్వ సంస్థ అప్పటికే విచారణ జరుపుతోంది. ఉబర్ ఈ సంగతి చెప్పకుండా దొంగలకు లక్ష డాలర్లిచ్చి, బయటపెట్టబోమని సంతకాలు తీసుకుంది. ఏడాది తర్వాత కొత్త అధిపతి వచ్చాక గుట్టు రట్టయింది. భద్రతాధిపతి జో సలివన్ ఒకప్పుడు ప్రభుత్వ ప్రాసిక్యూటర్. చట్టం తెలియక చేశాడనుకోలేం. 2022లో కోర్టు ఆయనను దోషిగా తేల్చింది, 2023లో మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. ఆయన కింద పనిచేసిన కంపెనీ లాయరు ఉద్యోగం కూడా పోయింది. 2018లో ఉబర్ అమెరికా రాష్ట్రాలకు 14 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇల్లు దోచుకోబడటం ఇంటివాడి నేరం కాదు. కానీ పొరుగువారు తన దగ్గర దాచుకున్న సొమ్ము కూడా పోయిందని తెలిసీ వారికి చెప్పకపోతే అది వేరే సంగతి. ఈ ఉద్యోగంలోని బరువంతా అక్కడే ఉంది. జీతమిచ్చేది కంపెనీ, నష్టపోయేది ఎవరో ముఖం తెలియని మనిషి. "ఈ రోజే చెబుదాం" అని యజమాని ముఖం మీద అనగలిగిన లాయరే నిజానికి ఆ కంపెనీకి మేలు చేసినవాడు.

కాబట్టి ఈ దారిలోకి రావాలనుకునే యువతీ యువకులారా, చట్టంతోపాటు కంప్యూటర్ల సంగతీ కొంత నేర్చుకోండి, ఇంజినీర్లకు అర్థమయ్యేలా మాట్లాడటం అలవాటు చేసుకోండి. అన్నిటికన్నా ముందు, అందరూ మౌనంగా ఉన్న గదిలో చేదు నిజం చెప్పే అలవాటు చేసుకోండి. దాన్ని ఏ లా కాలేజీ పట్టాతోపాటు ఇవ్వదు.