కనబడని రఫ్ఫు

ఎడమ కన్ను మూయండి. రెండు చేతులూ ముందుకు చాపి బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టండి. కుడికంటి చూపును ఎడమ బొటనవేలి గోటి మీదే నిలిపి, కుడి బొటనవేలిని మెల్లగా కుడివైపు జరపండి. చూపు దాని వెంట పడబోతుంది, పోనివ్వకండి. జానెడు దూరం వెళ్లేలోపే ఆ వేలి కొస మాయమవుతుంది. ఇంకాస్త జరిపితే మళ్లీ ప్రత్యక్షం.

17వ శతాబ్దంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎడ్మ్ మరియోట్ బయటపెట్టిన అంధ బిందువు ఇదే. రెటీనా నుంచి దాదాపు పది లక్షల నరాల పోగులు కట్టగా బయటికి పోయే ఆ చోట వెలుతురును పట్టే కణాలు లేవు. (ఆక్టోపస్‌కి ఈ బాధ లేదు. దాని కంట్లో పోగులు వెనకనుంచే పోతాయి.)

మరి అక్కడ నల్లటి చిల్లు కనబడాలిగా? వెనకున్న గోడే కనబడింది. నీలం గోడైతే నీలం, పసుపుదైతే పసుపు. చుట్టూ ఉన్నదే మధ్యలోనూ ఉంటుందని మెదడు తేల్చేసి, చేయి తిరిగిన దర్జీలా రఫ్ఫు చేసేసింది. మనకు మాటమాత్రం చెప్పలేదు.

అద్దంలో మీ ఎడమ కంటిని చూసి, వెంటనే కుడి కంటిని చూడండి. కళ్లు కదలడం పక్కవాళ్లకు కనబడుతుంది, మీకు కనబడదు. చూపు గెంతే ఆ క్షణంలో దృశ్యమంతా అలుక్కుపోవాలి. ఆ ముక్కను మెదడు మనదాకా రానివ్వదు. చూపేమో సెకనుకు రెండు మూడుసార్లు గెంతుతూనే ఉంటుంది.

చూపు సరే, మన పనులకు మనం చెప్పుకునే కారణాల మాటేమిటి? తీవ్రమైన మూర్ఛను అదుపు చేసేందుకు మెదడు రెండు సగాలనూ కలిపే నరాల వంతెనను కోసిన రోగులను పరిశీలించి, రోజర్ స్పెర్రీ 1981లో నోబెల్ అందుకున్నారు. ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూతో కలిసి 1970ల్లో అలాంటి ఓ కుర్రాడిని పరీక్షించారు. మాటలు నడిపే ఎడమ సగానికి కోడి కాలి బొమ్మ, కుడి సగానికి మంచు మేటలు వేసిన ఇంటి బొమ్మ చూపారు. వాటికి తగ్గ బొమ్మలు ఎంచమంటే, ఎడమ సగం నడిపే కుడిచేయి కోడిని చూపింది, ఎడమచేయి పారను చూపింది. పార ఎందుకని అడిగారు. జవాబు చెప్పాల్సింది ఎడమ సగం. దానికి మంచు సంగతే తెలియదు. 'ఏమో' అంటే సరిపోయేది. కుర్రాడు తడుముకోకుండా, కోళ్ల షెడ్డు శుభ్రం చేయాలంటే పార కావాలిగా అనేశాడు!

అతను అబద్ధమాడలేదు, నిజంగానే అలా అనుకున్నాడు. నా మటుకు నాకు మాయమయ్యే బొటనవేలికంటే ఇదే గుబులు పుట్టించే సంగతి. ఎడమ సగంలో ఇలా కారణాలు అల్లే ఏర్పాటుకు గజానిగా 'వ్యాఖ్యాత' అని పేరు పెట్టారు. వంతెన తెగని మన తలల్లోనూ ఆ వ్యాఖ్యాత రోజంతా పనిచేస్తూనే ఉంటాడని ఆయన వాదన.