పాటలో నీరక్షీర వివేకం

కలిసిన పాలనూ నీటినీ వేరుచేసే నేర్పు హంసకు ఉన్నదని కవులు చెబుతారు. లోకంలో కలపడం సులభం, విడదీయడం కష్టం. పాట విషయంలోనూ ఇది సత్యం. కంఠం, హార్మోనియం, మృదంగం, తాళాలు ఒకే నాదప్రవాహమైన తరువాత, అందులోనుండి కంఠాన్ని మాత్రమే వెలికితీయడం ఒకప్పుడు నిపుణులకే దుస్సాధ్యం. నేడు అది ఇంటిలోని కంప్యూటరుతోనే కొంతవరకు సాధ్యమవుతున్నది.

చిత్తూరు ప్రాంతపు పల్లెలలో జరిగే భారత ఉత్సవాలు ప్రసిద్ధమైనవి. పగలు హరికథగా భారతాన్ని వినిపిస్తారు. రాత్రి వీధినాటకం ఆడుతారు. దుర్యోధన వధతో ఉత్సవం ముగింపునకు వస్తుంది. వెంకటగిరికోటలో ఒక ఇంట అటువంటి హరికథ క్యాసెట్టు ఒకటి ఉన్నదనుకొందాం. కథ చెప్పిన తాత నేడు లేడు. ఆయన గొంతు వాద్యాల మధ్య, జనం సందడి మధ్య మునిగి ఉన్నది. దానిని స్పష్టంగా వినాలని మనుమని కోరిక. అతడు ఏమి చేయాలి?

ముందుగా కష్టం ఎక్కడున్నదో తెలుసుకోవాలి. శబ్దమంటే గాలిలో కలిగే కంపనం. కంప్యూటరు ఆ కంపనాన్ని అంకెలుగా భద్రపరుస్తుంది. సంగీతపు సీడీలో ఒక్కొక్క సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ఒక్కొక్క కొలత ఆ క్షణంలో వినిపించిన ధ్వనులన్నింటి మొత్తం. మొత్తం 12 అని మాత్రమే చెబితే, అది 7, 5 కలిసినదో, 9, 3 కలిసినదో ఎవరు చెప్పగలరు? పాటలో కంఠాన్ని వెదకడం ఇటువంటి లెక్కయే.

దీనికి పాత ఉపాయం ఒకటి ఉన్నది. స్టీరియో పాటలో ఎడమకు, కుడికి వేరువేరు ధ్వనిధారలు ఉంటాయి. గాయకుని కంఠాన్ని సాధారణంగా రెండింటిలోనూ సమానంగా ఉంచుతారు. ఒక ధారనుండి రెండవదానిని తీసివేస్తే, సమానమైన కంఠం సున్న అవుతుంది. మిగిలిన వాద్యాలు వినిపిస్తాయి. అయితే ఇది కంఠాన్ని తొలగించే మార్గమే గాని, వెలికితీసే మార్గం కాదు. పైగా కంఠంతో పాటు మధ్యలో ఉంచిన వాద్యాలు కూడా మాయమవుతాయి. ఒకే మైకుతో పట్టిన తాత హరికథలో రెండు ధారలే లేవు కనుక, ఈ ఉపాయం అక్కడ పనిచేయదు.

రెండవ మార్గం యంత్రానికి వినడం నేర్పడం. శబ్దాన్ని కాలం, స్థాయిల ప్రకారం ఒక చిత్రంగా మార్చవచ్చు. అందులో కంఠం వంపులు తిరిగే సన్నని గీతలుగా, మృదంగపు దెబ్బ నిలువు గీతగా కనిపిస్తుంది. కంఠమూ వాద్యాలూ వేరువేరుగా ముద్రించిన పాటలను యంత్రానికి ఇచ్చి, వాటి కలయికనూ చూపిస్తే, ఏ గుర్తు దేనిదో అది క్రమంగా నేర్చుకొంటుంది. 2019లో వెలువడిన స్ప్లీటర్, డెమక్స్ అనే ఉచిత సాధనాలు ఈ పద్ధతికి చెందినవే. ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం 2023లో విడుదల చేసిన పాటలో, కీర్తిశేషుడైన జాన్ లెనన్ 1970వ దశకంలో ఇంటివద్ద క్యాసెట్టుపై పాడుకొన్న గొంతును పియానోనుండి వేరుచేసినది ఇటువంటి విద్యయే.

మనుమడు చేయవలసిన పని కష్టమైనది కాదు. టేప్ రికార్డరును తీగతో కంప్యూటరుకు కలిపి, క్యాసెట్టును పూర్తిగా నకలు చేయాలి. నకలును కుదింపులేని వేవ్ ఫైలుగా భద్రపరచాలి. ఎమ్పీ3గా కుదిస్తే సూక్ష్మమైన ధ్వనులు కొన్ని పోతాయి. తరువాత ఆ ఫైలును విడదీసే సాధనానికి ఇవ్వాలి. వచ్చిన కంఠాన్ని మూలంతో పోల్చి శ్రద్ధగా వినాలి.

అప్పుడు ఒక సత్యం బోధపడుతుంది. యంత్రం తెచ్చి ఇచ్చినది తాత గొంతు కాదు, ఆ గొంతు ఇలా ఉండి ఉంటుందనే అంచనా మాత్రమే. ఇటువంటి సాధనాల శిక్షణకు విరివిగా వాడిన ఒక సంకలనంలో ఉన్నవి 150 పాటలు; వాటిలో అధికభాగం పాశ్చాత్య బాణీలే. కనుక హార్మోనియపు దీర్ఘస్వరాన్ని యంత్రం కంఠమని భ్రమించవచ్చు. తాత పలికిన అక్షరాన్నే వాద్యమనుకొని తీసివేయవచ్చు. అందుచేత విడదీసిన గొంతు ఎంత ఇంపుగా ఉన్నా, మూలమైన క్యాసెట్టును పారవేయరాదు. రేపు మరింత మంచి సాధనం వచ్చినా, దానికి ఆధారం ఆ మూలమే.

మరొక బాధ్యత కూడా ఉన్నది. విడిగా దొరికిన కంఠంతో, ఆ మనిషి ఎన్నడూ పాడని పాటను పాడించడం నేడు సాధ్యం. శ్రీకాళహస్తిలో చదువుకొన్న ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం 2020లో మరణించారు. 2023 నాటి ‘కీడా కోలా’ చిత్రంలో ఆయన కంఠాన్ని అనుమతి లేకుండా పునఃసృష్టించారని కుమారుడు చరణ్ న్యాయవాది ద్వారా నోటీసు పంపిన సంగతి 2024లో వెలుగులోకి వచ్చింది. అదే ఏడాది ‘లాల్ సలామ్’ తమిళ చిత్రంలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులను వాడిన ఎ.ఆర్.రెహమాన్, వారి కుటుంబాల అనుమతి పొంది పారితోషికం ఇచ్చినట్లు ప్రకటించారు. సాధనం ఒకటే, దానిని వాడిన తీరును గురించే వివాదం. మన కాపీరైటు చట్టం కూడా గాయకునికి తన గానంపై 50 ఏళ్ల హక్కును ఇచ్చింది.

తాత గొంతును మనుమడు వినడం ప్రేమ. దానిని ఇతరులకు అందించే ముందు ఇంటివారి సమ్మతి అడగడం సంస్కారం. పాలను వేరుచేయడం హంస నేర్పు కావచ్చు. ఆ పాలు ఎవరివో మరువకుండడం మనిషి వివేకం.