గ్రూపులో ఉన్నోళ్లంతా బూత్ దాకా వస్తారా?

ఎన్నికల ఊసు వస్తే చాలు, కావలి నుంచి ముత్తుకూరు దాకా సముద్రం వెంబడి ఊరికో వాట్సాప్ గ్రూపు పుట్టుకొస్తుంది. ఏ పార్టీ అయినా తంతు ఒకటే. లింకు పంపడం, జనాన్ని చేర్చడం, ఆ అంకెను పైవాళ్లకు చూపించడం. ఆన్‌లైన్‌లో కార్యకర్తలను కూడగట్టడం గురించి మనవాళ్లలో పాతుకుపోయిన నమ్మకాల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని ఉత్త భ్రమలు.

అపోహ: గ్రూపు నిండిందంటే బలగం సిద్ధమైనట్టే.

వాస్తవం: వాట్సాప్ గ్రూపులో 1,024 మంది పడతారు. వాళ్లలో అవతలి పార్టీ మనుషులుంటారు, స్థలాల ప్రకటనలు పెట్టేవాళ్లుంటారు, పొద్దున్నే పువ్వు బొమ్మతో శుభోదయం చెప్పి మాయమయ్యేవాళ్లుంటారు. పనిచేసేవాళ్లను ఏరడానికి చిన్న గూగుల్ ఫారం చాలు. మీ ఓటు ఏ బూత్‌లో ఉంది, ఏ వేళ తీరిక, బండి ఉందా, ఏ పని చేయగలరు అని అడిగితే సరి. వీటిలో మొదటి ప్రశ్నే అసలు పరీక్ష. తన ఓటు ఎక్కడుందో చూసుకోనివాడు ఇంకో నలుగురిని బూత్‌కు నడిపిస్తాడని నేను నమ్మను.

ఫారం నింపినవాళ్లకు ఆ రోజే ఫోన్ వెళ్లాలి. అదీ వాళ్ల ఊరి మనిషి నుంచే. “ఈ ఆదివారం మీ వీధిలో పన్నెండు ఇళ్లకు పోయి, ఓటర్ల జాబితాలో పేర్లున్నాయో లేదో చూసిరా అబ్బాయ్” అంటే కుర్రాడు కదులుతాడు. “అవసరమైనప్పుడు చెబుతాంలే” అన్నారంటే ఆ పేరు ఇక కొట్టేసుకోవచ్చు. అమెరికాలో 2008లో ఒబామా ప్రచారానికి వెబ్‌సైట్ పెద్ద దన్నుగా నిలిచిందని గొప్పగా చెప్పుకుంటారు. నిజమే. అయితే ఆ సైటు చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, ఇరుగుపొరుగు వాళ్లు ఎవరి ఇంట్లో, ఎన్ని గంటలకు కలుసుకోవాలో తేల్చడం.

అపోహ: మిస్డ్ కాల్స్ కోటి దాటితే గెలుపు మనదే.

వాస్తవం: 2023 ఏప్రిల్‌లో ‘జగనన్నే మా భవిష్యత్తు’ కార్యక్రమానికి కోటికి పైగా మిస్డ్ కాల్స్ వచ్చాయని వైఎస్సార్ కాంగ్రెస్ ప్రకటించుకుంది. మరుసటి ఏడాది ఆ పార్టీకి దక్కినవి 11 అసెంబ్లీ స్థానాలు. అంతకుముందు 2019లో సేవామిత్ర యాప్‌తో బరిలోకి దిగిన తెలుగుదేశానికి వచ్చినవి 23. ఉమ్మడి నెల్లూరు జిల్లా సంగతే చూడండి. 2019లో పదికి పది వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో పదికి పది తెలుగుదేశం. యాప్ వల్లే ఓడారని గానీ, యాప్ వల్లే గెలిచారని గానీ ఈ లెక్కల నుంచి తేల్చలేం. మిస్డ్ కాల్‌కు పైసా ఖర్చు లేదు, ఇచ్చినవాడికి మాట నిలబెట్టుకోవాలన్న బెంగ అంతకన్నా లేదు.

అపోహ: పల్లెపాళేల్లో ఆన్‌లైన్ సాగదు, అక్కడి జనానికి ఫోన్లు తెలియవు.

వాస్తవం: చేపలు ఎక్కడ దొరకొచ్చో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారుల ఫోన్లకు పంపడం ఏళ్లుగా ఉన్నదే. చిక్కు ఫోన్‌తో కాదు, వేళతో. తెల్లారకముందే పడవ లోపలికి పోతుంది. ఒడ్డు దూరమయ్యేకొద్దీ సిగ్నల్ పోతుంది. పొద్దున పది గంటలకు జూమ్ మీటింగ్ పెట్టి, ఎవరూ రాలేదని విసుక్కుంటే తప్పెవరిది? సాయంత్రం వల బాగుచేసుకుంటూ వినేలా ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ పెడితే అందుతుంది. రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా కాసేవాళ్లకైతే అర్ధరాత్రి కూడా అనువైన వేళే.

ఇంకో లెక్కా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. 2019లో పోలింగ్ ఏప్రిల్ 11న, అంటే ఇంకా వేట సాగుతున్న రోజుల్లో జరిగింది. 2024లో మే 13న జరిగింది, అప్పటికి మరపడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మైపాడు, జువ్వలదిన్నెల్లో మనుషులు ఎప్పుడు దొరుకుతారో చెప్పేది ఈ క్యాలెండరే. హైదరాబాద్‌లో కూర్చుని షెడ్యూలు గీసేవాళ్లకు ఇది తట్టదు.

అపోహ: ఆన్‌లైన్ లేకుండా ఈ రోజుల్లో జనాన్ని కదిలించలేం.

వాస్తవం: తీరానికి ఎడంగా, మెట్ట ప్రాంతంలో ఉన్న దూబగుంటను తలుచుకోండి. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా అమ్మకాలను అడ్డుకున్నారు. వాళ్లను ఒక్కచోట చేర్చింది రాత్రిపూట అక్షరదీపం చదువులు. కబురు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఆ చదువుల్లో అందరూ రోజూ ఒకేచోట ముఖాముఖి కూర్చునేవారు, ఎవరింట్లో తాగుడు గొడవ ఎంతుందో అందరికీ తెలుసు. గ్రూపు అడ్మిన్‌కు ఆ సంగతులు తెలియవు.

అపోహ: గ్రామ వాలంటీర్లూ ప్రచార కార్యకర్తలూ ఒకటే.

వాస్తవం: 2019 ఆగస్టు 15న మొదలైన వాలంటీర్ల వ్యవస్థలో 50 ఇళ్లకు ఒకరు ఉండేవారు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చేవారు. అది ప్రజల సొమ్ము. అందుకే 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాళ్లను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచమంది. ఆ తర్వాత చాలామంది రాజీనామా చేసి ప్రచారంలో దిగారు.

అపోహ: అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి నుంచే అన్నీ చేసేయొచ్చు.

వాస్తవం: అక్కడి రాత్రి మనకు పగలు కాబట్టి ఫోన్లు చేయడానికి వీలే. కానీ ప్లస్ ఒకటితో మొదలయ్యే కొత్త నంబరు చూడగానే కట్ చేసేవాళ్లే ఎక్కువ. వాళ్లు ముందుగా సొంతూళ్లోని బంధువులకు చేయడం మేలు. భారత పౌరులైతే ఫారం 6ఏతో ఓటు నమోదు చేసుకోవచ్చు గానీ, ఓటేయడానికి పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాల్సిందే. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఓటు లేదు, వాళ్ల చందా పార్టీలు పుచ్చుకోకూడదు.

అపోహ: ఫేస్‌బుక్‌లో పెట్టేదానికి రూల్సేం లేవు.

వాస్తవం: సోషల్ మీడియాను ప్రచార నిబంధనల కిందికి తెస్తూ ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశాలిచ్చింది. డబ్బు కట్టి వేసే ప్రకటనకు ముందస్తు అనుమతి కావాలి. ఆ ఖర్చు అభ్యర్థి ఖాతాలో, అసెంబ్లీకైతే 40 లక్షల పరిమితిలో పడుతుంది. ఓటర్ల జాబితా ఎవరైనా చూడొచ్చు. దానికి ఫోన్ నంబర్లు, కులం, పథకాల వివరాలు అతికిస్తే మాత్రం వ్యవహారం మారిపోతుంది. 2019లో సేవామిత్ర మీద హైదరాబాద్‌లో పోలీసు కేసు నడిచింది ఇలాంటి ఆరోపణతోనే. పార్టీ దాన్ని ఖండించింది.

అపోహ: యాప్‌లో పేరుంటే పోలింగ్ రోజు బూత్‌లో కూర్చోవచ్చు.

వాస్తవం: కుదరదు. అభ్యర్థి గానీ ఎన్నికల ఏజెంటు గానీ సంతకం చేసిన ఫారం 10 చేతిలో ఉండాలి, దాన్ని ప్రిసైడింగ్ అధికారికి ఇచ్చి ఆయన ఎదుటే సంతకం పెట్టాలి. ఏడు గంటలకు పోలింగ్ అంటే మాక్ పోల్ అయిదున్నరకే. ఏజెంటు ఆ వేళకల్లా అక్కడుండాలి.