విదేశంలో మొదటి ఫోను లైను: దుబాయి ఉదాహరణ

4.1 పరిచయం

నిజామాబాదు, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. అక్కడ ఫోను ఇంటివారితో మాట్లాడే సాధనం మాత్రమే కాదు. జీతం జమ అయినట్లు సందేశం ఆ నంబరుకే వస్తుంది. ప్రభుత్వ సేవలు పొందే ‘యూఏఈ పాస్’ ఆ నంబరుతోనే నమోదవుతుంది. అందుచేత నంబరు మీ గుర్తింపులో భాగమని మొదట గ్రహించండి. ఈ భాగంలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను ఉదాహరణగా తీసుకుని, లైను పొందడం నుంచి ముగించడం వరకు పరిశీలిద్దాం.

4.2 లైను మీ పేరునే ఉండాలి

ఆ దేశంలో ప్రతి సిమ్ గుర్తింపు పత్రంతో నమోదు కావాలి. అక్కడ నివసించేవారికి ఆ పత్రం ఎమిరేట్స్ ఐడి. ఎతిసలాత్, డు అక్కడి ప్రధాన సంస్థలు. ఉద్యోగ వీసాపై దిగిన వెంటనే ఈ కార్డు చేతికి రాదు. వైద్య పరీక్ష, వేలిముద్రలు పూర్తి కావాలి. అంతవరకు పాస్‌పోర్టు, వీసా చూపి పరిమిత గడువుగల సందర్శకుల లైను తీసుకోవచ్చు. కార్డు వచ్చాక శాశ్వత లైనుకు మారండి. కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు సిమ్ నమోదును కూడా సరిచేయించాలి. లేకుంటే సేవ నిలిచిపోవచ్చు.

క్యాంపులో గదిలోని తోటివారు తమ పేరున ఉన్న సిమ్ ఇస్తామంటే తీసుకోకండి. వారు ఊరికి వెళ్లిపోతే మీ నంబరు మీ చేతిలో ఉండదు. అలాగే మీ కార్డుపై ఇతరులకు సిమ్ ఇప్పించకండి. దానితో మోసం జరిగితే విచారణ మీ పేరుమీదనే మొదలవుతుంది.

4.3 ఇంటికి మాట్లాడటం

వాట్సాప్‌లో సందేశాలు, ఫోటోలు, రికార్డు చేసిన మాటలు వెళ్తాయి. కాని వాట్సాప్ కాల్స్ అక్కడ సాధారణంగా పనిచేయవు. ఇంటర్నెట్ కాల్స్‌కు బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్‌లు ఉన్నాయి. అదే యాప్‌ను ఇంటివారి ఫోనులో కూడా ప్రయాణానికి ముందే పెట్టించి, వాడటం నేర్పండి.

నిషేధాన్ని దాటడానికి వీపీఎన్ వాడమని కొందరు సలహా ఇస్తారు. నేరం చేయడానికి, లేదా దానిని దాచడానికి వీపీఎన్ వాడితే 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం జైలు శిక్షగాని, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానాగాని, రెండూగాని పడవచ్చు. ఏళ్ల సంపాదన పోయే ఆ సాహసం వద్దు.

మీకు 05తో మొదలయ్యే నంబరు వస్తుంది. ఇంటివారు డయల్ చేసేటప్పుడు ఆ సున్నా తీసివేసి, ముందు +971 చేర్చాలి. దుబాయిలో రాత్రి 8 గంటలైతే మన దగ్గర 9.30 అని గుర్తుంచుకోండి.

4.4 స్వదేశపు నంబరును కాపాడుకోవడం

మీ బ్యాంకు ఖాతా, ఆధార్ స్వదేశపు నంబరుతో ముడిపడి ఉంటాయి. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు వాడకుండా ఉంచితే, అందులో కనీసం 20 రూపాయల బ్యాలెన్సు కూడా లేకుంటే అది రద్దు కావచ్చు. ఆ నంబరును తరువాత వేరొకరికి కేటాయిస్తారు. కాబట్టి రెండు సిమ్‌ల ఫోను తీసుకెళ్లండి. బయలుదేరక ముందే అంతర్జాతీయ రోమింగ్ పెట్టించుకోండి. రోమింగ్‌లో డేటా ఆపి ఉంచండి. రీఛార్జి బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

పోలీసులమనో, బ్యాంకువారమనో చెప్పి ఓటీపీ అడిగేవారికి ఏ దేశపు ఓటీపీ కూడా చెప్పకండి. ఇబ్బంది వస్తే యూఏఈలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రపు ఉచిత నంబరు 800 46342కు ఫోను చేయవచ్చు.

4.5 లైనును ముగించడం

నెలవారీ బిల్లు ఒప్పందంపై ఫోను తీసుకుంటే, దేశం వదిలే ముందు బకాయి చెల్లించి, లైను రద్దు చేయించి రసీదు ఉంచుకోండి. సిమ్ తీసి పారవేసినంత మాత్రాన ఒప్పందం ముగియదు. బకాయి మీ పేరున మిగిలిపోతుంది.

4.6 సారాంశం

లైను మీ పేరున తీసుకోండి, అనుమతి ఉన్న మార్గంలోనే మాట్లాడండి, స్వదేశపు నంబరును బతికించుకోండి, వచ్చేటప్పుడు లెక్క తీర్చి రండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఇతరుల పేరున ఉన్న సిమ్ వాడటం వల్ల కలిగే నష్టమేమిటి?
2. స్వదేశపు నంబరు రద్దయితే మీ ఏయే పనులు ఆగిపోతాయో జాబితా రాయండి.
3. మీ ఇంటివారు మీకు ఫోను చేయవలసిన విధానాన్ని వారికి వివరిస్తూ ఐదు వాక్యాలు రాయండి.